459 దగ్గర సున్నా రావాల్సిన చోట 0.2 ఎందుకు వస్తోంది?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినవారు విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నారు. ప్రాజెక్టు కోసం 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ మాడ్యూల్, చిన్న సీసీడీ స్పెక్ట్రోమీటర్, ప్లాస్టిక్ క్యూవెట్ (ద్రవం పోసే చిన్న పాత్ర) పెట్టుకుని కార్బన్ టెట్రాక్లోరైడ్ రామన్ స్పెక్ట్రమ్, అంటే అణువులు చెదరగొట్టినప్పుడు రంగు మారిన కాంతి గీతలు, తీశారు. స్పెక్ట్రోమీటర్ స్లిట్ ముందు, ఒకే దిశలో ఊగే కాంతినే వదిలే పోలరైజర్ ఫిల్మును చేత్తో తిప్పుతూ నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిచారు. 459 సెం.మీ⁻¹ గీతకు విధ్రువణ నిష్పత్తి (అడ్డ కాంతిని నిలువు కాంతితో భాగిస్తే వచ్చేది) సున్నాకు దగ్గరగా రావాలని పుస్తకం అంటే, వాళ్ళకు 0.2 వచ్చింది. 314 గీతకు 0.75 బదులు 0.83 వచ్చింది. తప్పెక్కడ అన్నది మొదటి ప్రశ్న. గీత ఎక్కడుందో తెలిస్తే అణువు గురించి తెలిసినట్టే కదా, ఈ పోలరైజర్ గొడవంతా దేనికి అన్నది రెండోది. ఇందులో అణువు భ్రమణం ఎక్కడ కనిపిస్తుందన్నది మూడోది.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ ధ్రువణం, అంటే కాంతి ఊగే దిశ, లీకవుతోంది. నిలువుగా ఉండాల్సిన కాంతిలో ఇంచుమించు ఆరో వంతు అడ్డంగా కలిసిపోతోంది. లేజర్ మాడ్యూలు, ప్లాస్టిక్ క్యూవెట్, కాంతిని పోగుచేసే లెన్సు, ఈ మూడింటినీ ఇదే వరుసలో అనుమానించండి. స్పెక్ట్రోమీటర్‌లో రంగులను విడదీసే గ్రేటింగ్‌ను మాత్రం ఈ 0.2 విషయంలో అనుమానించకండి.

గ్రేటింగ్ కాదని అంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మీరు రెండు అంకెలూ ఇచ్చారు కాబట్టి. ఒక్క 459 సంగతే రాసి ఉంటే ఇంత ధీమాగా చెప్పలేకపోయేవాణ్ణి. గ్రేటింగ్ నిలువు ధ్రువణాన్ని ఒక సామర్థ్యంతో, అడ్డ ధ్రువణాన్ని ఇంకో సామర్థ్యంతో పంపుతుంది. అంటే మీ నిష్పత్తులన్నిటినీ దాదాపు ఒకే గుణకంతో గుణిస్తుంది. 0.75ను 1.1తో గుణిస్తే 0.83 వస్తుంది, అది నిజమే. కానీ సున్నాను ఎంతతో గుణించినా సున్నానే. 459 గీత 0.2కు లేచిందంటే అక్కడికి బయటి నుంచి ఏదో వచ్చి *కలిసింది*.

ఇప్పుడు లీకు లెక్క వేసి చూడండి. కాంతిలో ఆరో వంతు తప్పు ధ్రువణంలో ఉందనుకుందాం. 459 గీతకు నిష్పత్తి 1/6ను 5/6తో భాగిస్తే 0.2. అదే లీకుతో 314 గీత 0.75 నుంచి 0.826కి మాత్రమే కదులుతుంది. మీ రెండు అంకెలూ సరిగ్గా ఇవే. తక్కువ నిష్పత్తి ఉన్న గీతను లీకు పాడుచేస్తుంది, ఎక్కువ నిష్పత్తి ఉన్న గీతను గ్రేటింగ్ పాడుచేస్తుంది. అందుకే పరికరాన్ని సరిచూసుకునేటప్పుడు రెండు రకాల గీతలూ ఉన్న ద్రవమే తీసుకోవాలి. నేను ముప్పై ఏళ్ళకు పైగా రామన్ ల్యాబుల్లో గడిపాను. పిల్లలు తెచ్చిన తప్పు కొలతల్లో చాలావాటిని ఈ ఒక్క పోలికతోనే విడదీశాను.

లీకు ఎక్కడుందో పట్టుకోవడానికి స్పెక్ట్రోమీటర్ అక్కర్లేదు. శాంపిల్ తీసేసి, లేజర్‌ను అరగంట వేడెక్కనిచ్చి, దాని ముందు ఫిల్ము పెట్టి తిప్పండి. పవర్ మీటర్ ఉంటే మంచిది, లేకపోతే ఫోటోడయోడ్, మల్టీమీటర్ చాలు. గరిష్ఠానికి, కనిష్ఠానికి మధ్య తేడా వందల రెట్లు ఉండాలి. ఐదారు రెట్లే ఉండి, చెదిరిన కాంతిని లేజర్ వచ్చిన వైపుకే వెనక్కి పోగుచేస్తుంటే దొంగ అక్కడే దొరికినట్టు; 90 డిగ్రీల్లో పోగుచేస్తుంటే మాత్రం లేజర్ లీకు ఒక్కటే 459ను పైకి లేపదు, మిగతా రెండూ చూడండి. చవకగా దొరికే ఆకుపచ్చ డయోడ్ మాడ్యూళ్ళలో చాలావాటికి ధ్రువణం సరిగా ఉండదు, ఉన్నా వేడితో పాటు మారిపోతుంటుంది. పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఇంకో అంకె వస్తుంది. లేజర్‌కు ఎదురుగానే మంచి పోలరైజర్ ఒకటి బిగించేస్తే ఇది తీరిపోతుంది. కొంత పవర్ పోతుంది, పోనివ్వండి. ఇంకో మాట: ఈ చవక మాడ్యూళ్ళ నుంచి కంటికి కనపడని 808, 1064 నానోమీటర్ల పరారుణ కాంతి కూడా బయటికి రావచ్చు. ఆకుపచ్చకు మాత్రమే పనిచేసే కళ్ళద్దాలు దాన్ని ఆపవు. బీమ్ ఎత్తులో కళ్ళు పెట్టకండి.

లేజర్ బాగానే ఉంటే, రెండో పోలరైజర్‌ను అడ్డంగా పెట్టి చీకటి చేసి, ఆ రెండింటి మధ్య మీ క్యూవెట్‌లో నీళ్ళు పోసి ఉంచండి. వెలుతురు మళ్ళీ కనిపించిందంటే క్యూవెట్ ధ్రువణాన్ని తిప్పుతోందన్నమాట. అచ్చులో పోసిన ప్లాస్టిక్‌లో ఒత్తిడి గడ్డకట్టి ఉంటుంది, ఆ ఒత్తిడే ఈ పని చేస్తుంది. పైగా కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి ద్రావణులు ప్లాస్టిక్‌ను తినేస్తాయి కూడా. క్వార్ట్జ్ కానీ మంచి గాజు కానీ వాడండి. నేను కొత్తలో ఒక వారమంతా ఇలాంటి క్యూవెట్ వల్లే పోగొట్టుకున్నాను. స్పెక్ట్రమ్ చూడ్డానికి అందంగా ఉండేది, గీతలన్నీ ఉండాల్సిన చోటే ఉండేవి, నిష్పత్తులు మాత్రం రోజుకో రకంగా వచ్చేవి. గీత స్థానం ఈ తప్పును బయటపెట్టదు. అదే దీంతో ఇబ్బంది.

మూడోది లెన్సు. ఎక్కువ కాంతి కావాలని పెద్ద లెన్సును దగ్గరగా పెడతాం. అప్పుడు 90 డిగ్రీల్లో వచ్చే కిరణాలతో పాటు ఏటవాలుగా వచ్చేవి కూడా పోగవుతాయి, వాటికి నిలువు ఏదో అడ్డం ఏదో అంత స్పష్టంగా ఉండదు. లెన్సు ముందు ఐరిస్ (పెద్దది చిన్నది చేయగల రంధ్రం) పెట్టి కొంచెం కొంచెంగా మూస్తూ 459 నిష్పత్తిని చూడండి. మూసేకొద్దీ తగ్గుతూ పోతే కారణం అదే.

ఇక మీ అమరికలో నాకు నచ్చని విషయం ఒకటుంది, అది స్లిట్ ముందు పోలరైజర్‌ను తిప్పడం. అలా తిప్పినప్పుడల్లా గ్రేటింగ్‌కు వెళ్ళే ధ్రువణం మారుతుంది, గుణకం తప్పు వచ్చి చేరుతుంది. దానికి బదులు ఆ పోలరైజర్‌ను నిలువుగా బిగించి వదిలేయండి, లేజర్ వైపు హాఫ్ వేవ్ ప్లేటు పెట్టి లేజర్ ధ్రువణాన్ని తిప్పండి. గ్రేటింగ్ ఎప్పుడూ ఒకే ధ్రువణాన్ని చూస్తుంది కాబట్టి దాని పక్షపాతం లెక్కలోంచి తప్పుకుంటుంది. ప్లేటు 532 కోసం చేసినదై ఉండాలి. ప్లేటును 45 డిగ్రీలు తిప్పితే ధ్రువణం 90 డిగ్రీలు తిరుగుతుంది. ఒకసారి ఒక విద్యార్థి రెండు స్పెక్ట్రాలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా వచ్చాయని, అన్ని గీతల నిష్పత్తీ 1 వస్తోందని కంగారుగా వచ్చాడు. వెళ్ళి చూస్తే ప్లేటునే 90 డిగ్రీలు తిప్పాడు. ధ్రువణం 180 డిగ్రీలు తిరిగి మొదటికే వచ్చింది.

విశాఖలో ఉన్నారు కాబట్టి ఒక హెచ్చరిక కూడా. మన ఉప్పుగాలి, తేమ ఆప్టిక్స్‌కు పరమ శత్రువులు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక రోజుల తరబడి కరెంటు లేదు, ల్యాబులో ఏసీ లేదు. తిరిగి తలుపు తెరిచి చూస్తే పోలరైజర్ ఫిల్ములు అంచుల దగ్గర ఉబ్బి పొరలు విడిపోయాయి, రెండు లెన్సుల మీద సన్నటి బూజు పట్టింది. తుడిస్తే పోయిందనుకుని వాడాం. తుడిచిన గీతల నుంచి చెదిరిన కాంతే తర్వాత కొన్ని నెలలు మా తక్కువ నిష్పత్తులన్నిటినీ పెంచి చూపించింది. సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి, జెల్ రంగు మారగానే వేయించి మళ్ళీ వేయండి.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తాను. నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది.

కాంతి అణువు మీద పడితే దాని ఎలక్ట్రాన్ మబ్బును ఊపుతుంది. ఆ మబ్బు ఎంత తేలిగ్గా ఊగుతుందో దాన్నే ధ్రువణశీలత అంటాం. అణువు కంపిస్తుంటే ఆ తేలిక కూడా కంపన లయలో పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, అందువల్లే వెలువడే కాంతి రంగు కొద్దిగా మారుతుంది. మీ 532 లేజర్‌తో 459 గీత సుమారు 545.3 నానోమీటర్ల దగ్గర పడుతుంది. ఇదంతా మీకు తెలిసిందే.

ఇక కార్బన్ టెట్రాక్లోరైడ్ అణువును ఊహించుకోండి. 459 కంపనంలో నాలుగు క్లోరిన్లూ ఒక్కసారే బయటికి, ఒక్కసారే లోపలికి కదులుతాయి, ఊపిరి తీసి వదిలినట్టు. మబ్బు ఉబ్బుతుంది, తగ్గుతుంది, గుండ్రంగా మాత్రం అలాగే ఉంటుంది. గుండ్రటి మబ్బును నిలువుగా ఊపితే నిలువుగానే ఊగుతుంది, కాబట్టి వచ్చే కాంతీ నిలువుగానే ఉంటుంది. అడ్డంగా ఏమీ రాదు. అదీ సున్నా. క్లోరిన్‌కు 35, 37 ఐసోటోపులు కలిసి ఉండటం వల్ల కొన్ని అణువుల్లో ఆ సౌష్ఠవం రవ్వంత చెడుతుంది, అందుకే అచ్చమైన సున్నా రాదు. కానీ జాగ్రత్తగా కొలిస్తే నూటికి ఒకటి దాటదు.

218, 314 కంపనాలు వేరు. వాటిలో మబ్బు ఒక వైపు సాగుతుంది, ఇంకో వైపు నొక్కుకుంటుంది. అలా వంకరైన మబ్బును నిలువుగా నెడితే కొంత పక్కకూ కదులుతుంది. ద్రవంలో అణువులు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి కాబట్టి అన్నిటినీ కలిపి సగటు తీస్తే, వంకర భాగం నిలువుకు 4 పాళ్ళు, అడ్డానికి 3 పాళ్ళు ఇస్తుంది. 0.75 అంటే ఇదే. ఇది ఈ అణువుకో ఈ ద్రవానికో చెందిన అంకె కాదు, జ్యామితి ఇచ్చిన అంకె. అందుకే పరికరం నిజం చెబుతోందో లేదో చూడటానికి ఇంతకంటే మంచి సాక్షి లేదు.

కాబట్టి గీత స్థానం ఆ కంపనం ఎంత వేగమో చెబుతుంది, ధ్రువణం అది *ఏ ఆకారపు* కంపనమో చెబుతుంది. 0.75 కంటే స్పష్టంగా తక్కువ వచ్చిందంటే అది అణువు పూర్తి సౌష్ఠవాన్ని నిలబెట్టే కంపనం. తెలియని అణువులో ఇరవై గీతలు కనిపిస్తే, వాటిలో ఏవి ఈ జాతివో ఒక్క మధ్యాహ్నంలో విడదీసేయొచ్చు. గ్రూప్ థియరీ క్లాసులో పట్టికలు చూసి విసుగొచ్చి ఉంటే, ఒకసారి మీ చేత్తో ఇది కొలవండి. ఆ పట్టికలో మొదటి వరుసకు అర్థం కళ్ళ ముందు కనిపిస్తుంది.

పాత పట్టికలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. లేజర్ రాకముందు పాదరస దీపంతో, ధ్రువణం లేని కాంతితో కొలిచేవాళ్ళు. అప్పుడు గరిష్ఠం 3/4 కాదు, 6/7, అంటే 0.86. పాత పుస్తకంలో 0.86 చూసి మీ 0.75 తప్పనుకోకండి.

0.75ను మించి వస్తే? పరికరాన్నే ముందు అనుమానించండి. కానీ లేజర్ రంగును శాంపిలే పీల్చుకుంటున్నప్పుడు నిజంగానే మించవచ్చు. హిమోగ్లోబిన్, సైటోక్రోమ్ సి లాంటి వాటిలో 1972లో స్పైరో, స్ట్రెకాస్ దీన్ని చూపించారు. రంగులేని ద్రవాల్లో మాత్రం దాని కోసం వెతకొద్దు.

మూడో ప్రశ్న, భ్రమణం. పైన చెప్పిన బొమ్మనే పట్టుకుని ముందుకు వెళ్ళండి. గుండ్రటి మబ్బు ఎటు తిరిగినా గుండ్రమే, తిరిగిన సంగతి కాంతికి తెలియదు. వంకర మబ్బు తిరిగితే మాత్రం కాంతికి తెలిసిపోతుంది. అంటే భ్రమణం కబురంతా వంకర భాగంలోనే ఉంటుంది, అడ్డంగా వచ్చే కాంతి ఆ భాగానిదే.

వాయువుల్లో ఇది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. నైట్రోజన్‌లో శుద్ధ భ్రమణ గీతలు లేజర్ గీతకు అటూ ఇటూ సుమారు 8 సెం.మీ⁻¹ ఎడంలో నిచ్చెన మెట్లలా వస్తాయి, అన్నిటి నిష్పత్తీ 0.75. అదే నైట్రోజన్ కంపన గీత 2331 దగ్గర చూస్తే నడుమ క్యూ శాఖ (భ్రమణం మారని గీతలు) నిటారుగా ఉంటుంది, అది బాగా ధ్రువితం, అంటే నిష్పత్తి బాగా తక్కువ. దానికి రెండు పక్కలా ఉండే ఓ, ఎస్ శాఖల్లో కంపనంతో పాటు భ్రమణం కూడా మారుతుంది, అవి 0.75. పోలరైజర్‌ను అడ్డం తిప్పితే నడుమ కొండ కుంగిపోయి పక్కనున్న మెట్లు బయటపడతాయి. కంపనాన్ని, భ్రమణాన్ని ఒక ఫిల్ముతో వేరుచేసి చూడటం అంటే ఇదే.

ఆ నిచ్చెనలో మెట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, 2:1 వంతున ఉంటాయి. ఆక్సిజన్‌లో అయితే ఒక మెట్టు ఉంటే ఒకటి అసలుండదు. కేంద్రకాల స్పిన్ (తిరుగుడు లాంటి వాటి సహజ గుణం) వల్ల ఇలా జరుగుతుంది. 1929లో రాసెట్టి తీసిన నైట్రోజన్ స్పెక్ట్రమ్‌లో ఈ వంతు చూసి, నైట్రోజన్ కేంద్రకంలో ప్రోటాన్లూ ఎలక్ట్రాన్లూ ఉన్నాయన్న అప్పటి నమ్మకం పొసగదని హైట్లర్, హెర్జ్‌బర్గ్ గుర్తించారు. న్యూట్రాన్ దొరికింది 1932లో. గాలి చెదరగొట్టిన కాంతిలోంచి కేంద్రకం గుట్టు బయటపడటం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

లేజర్ రంగును ఆపడానికి పెట్టే మీ చవక ఎడ్జ్ ఫిల్టర్ లేజర్‌కు దగ్గరగా ఉన్నదంతా కోసేస్తుంది కాబట్టి శుద్ధ భ్రమణ గీతలు మీ అమరికలో కనపడవు. ద్రవాల్లో అయితే వేరే దారి ఉంది. ద్రవంలో అణువు పక్కవాటిని ఢీకొంటూ దొర్లుతుంటుంది, మెట్లు విడిగా ఉండవు, గీత వెడల్పు పెరుగుతుంది, అంతే. నిలువు స్పెక్ట్రమ్ నుంచి అడ్డ స్పెక్ట్రమ్‌కు 4/3 రెట్లు తీసేయండి. వంకర భాగం 4:3 అని చెప్పాను కదా, అందుకే అది పూర్తిగా పోయి గుండ్రటి భాగం మిగులుతుంది. దాని వెడల్పుకు కారణం కంపనం మాత్రమే. అడ్డ స్పెక్ట్రమ్ వెడల్పులో కంపనం, దొర్లడం రెండూ ఉంటాయి. రెండు వెడల్పుల తేడా దొర్లే వేగం. సగం ఎత్తు దగ్గరి వెడల్పులో సగం తీసుకుని, ఆ తేడాతో 5.3ను భాగిస్తే అణువు దొర్లే కాలం పికోసెకన్లలో వస్తుంది. తేడా 2 సెం.మీ⁻¹ ఉంటే సుమారు 2.7 పికోసెకన్లు.

దీనికి 459 గీత పనికిరాదు, అక్కడ అడ్డ కాంతే లేదు. రెండు భాగాలూ ఉన్న గీత కావాలి, అసిటోనైట్రైల్ 2253 గీత మంచి ఆరంభం. కానీ తేడా ఒకటి రెండు సెం.మీ⁻¹ ఉండే చోట స్పెక్ట్రోమీటర్ విభేదన శక్తి (విడదీసి చూపగల కనీస ఎడం) 8, 10 సెం.మీ⁻¹ అయితే కొలిచేది అణువును కాదు, స్లిట్‌ను. మీ ప్రాజెక్టులో ఈ భాగం పెట్టుకోవద్దనే నా సలహా. పెద్ద మోనోక్రోమేటర్ దొరికితే అప్పుడు చేయండి.

మన ఊరికి ఈ విషయంతో ఉన్న చుట్టరికం కూడా మీకు తెలియాలి. 1892లో సి.వి. రామన్ తండ్రి ఇక్కడి మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీలో పనికి వచ్చారు, రామన్ స్కూలు చదువు సెయింట్ ఆలోషియస్‌లో సాగింది. 1931లో రామన్, సూరి భగవంతం కలిసి, అణువుల భ్రమణం వల్ల చెదిరిన కాంతి ధ్రువణాన్ని ఆధారం చేసుకుని ఫోటాన్‌కు స్పిన్ ఉందనడానికి ప్రయోగపూర్వక నిదర్శనం ప్రకటించారు. ఆ భగవంతం తర్వాత వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో చేరి ఇక్కడే కాంతి పరిక్షేపణం మీద పనిచేశారు. ఇక్కడి స్పెక్ట్రోస్కోపీకి పునాది వేసినవారు కె. రంగధామరావు. వాళ్ళ దగ్గర లేజర్ లేదు. గంటల కొద్దీ ఫోటో ప్లేటుకు కాంతి పట్టించి తీసిన గీతలవి. మీరు పది సెకన్లలో తీస్తున్నారు, కాబట్టి ఒక్కో కొలతను ఐదుసార్లు తీయడానికి బద్ధకించకండి.

ఇప్పుడు చేయాల్సింది. కార్బన్ టెట్రాక్లోరైడ్ కాలేయానికి హానికరం, దాని ఆవిరి పీల్చకూడదు, ఫ్యూమ్ హుడ్ లేకపోతే దాన్ని పక్కన పెట్టేయండి. సైక్లోహెక్సేన్ తీసుకోండి, మంటకు దూరంగా ఉంచండి. దాని 802 గీత బాగా ధ్రువితం, 0.1 లోపే రావాలి. 1028, 1267 గీతలు 0.75 రావాలి. లేజర్ ఎదుట పోలరైజర్, తర్వాత హాఫ్ వేవ్ ప్లేటు, క్వార్ట్జ్ క్యూవెట్, సగం మూసిన ఐరిస్, కదలకుండా బిగించిన రెండో పోలరైజర్, ఈ వరుసలో పెట్టి కొలవండి. గీత ఎత్తు కాకుండా గీత కింది వైశాల్యం తీసుకోండి, ముందు బేస్‌లైన్ తీసేయడం మరవకండి. ఈ మూడు అంకెలతో పాటు, శాంపిల్ లేకుండా లేజర్‌కు వచ్చిన గరిష్ఠ కనిష్ఠాల నిష్పత్తి కూడా ఇక్కడ రాయండి. 802 ఇంకా పైనే ఉండి మిగతా రెండూ సరిపోతే ఐరిస్ ఎంత మూశారో కూడా చెప్పండి, అక్కడి నుంచి చూద్దాం.